నిరీక్షణ లెక్కలో లేని తల్లి

డల్లాస్‌లో ఉంటున్న మా పెద్దమ్మ కూతురు మొన్న వేసవిలో నన్నొక ఉత్తరం అడిగింది. అక్కా బావా ఇండియా నుంచి ఒక బిడ్డను దత్తత తెచ్చుకోవడానికి దరఖాస్తు పెట్టి నాలుగేళ్ళవుతోంది. హోమ్ స్టడీ రిపోర్టుకు గడువు తీరిపోయింది, మళ్ళీ చేయించుకోవాలి. ఆదాయ పత్రాలు, పోలీసు క్లియరెన్సు, డాక్టరు సర్టిఫికెట్టు, వీటన్నిటితోపాటు బాగా తెలిసినవాళ్ళిద్దరు ఇచ్చే ఉత్తరాలు కూడా కావాలి. ఒకటి బావ స్నేహితుడు ఇచ్చాడు. రెండోది నేనివ్వాలి. "ఒక్క పేజీ చాలే. మేం ఎట్లాంటివాళ్ళమో నీకు తెలుసు కదా, అదే రాయి. నీ పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది కాబట్టి వాళ్ళకూ నమ్మకంగా ఉంటుంది" అంది.

అక్కా బావా మంచివాళ్ళు. పిల్లల్ని ప్రేమగా చూసుకుంటారు. ఇల్లుంది, ఉద్యోగాలున్నాయి, ఓపిక ఉంది. ఆ పేజీలో నేను రాయవలసిన ప్రతి వాక్యమూ నిజమే. అయినా మూడు వారాలు రాయలేకపోయాను. ఎందుకు రాయలేకపోయానో నాతో నేను తేల్చుకోవడానికీ, మన స్త్రీవాదులం ఇంతకాలం పక్కన పెట్టిన ఒక ప్రశ్నను మన ముందుకే తీసుకురావడానికీ ఈ వ్యాసం.

అక్క ఎదురుచూపు ఎట్లాంటిదో నాకు తెలుసు. మూడుసార్లు ఐవీఎఫ్ విఫలమైంది. సీమంతాలకు పిలుపులు తగ్గిపోయాయి. పిలిచినా హారతి పళ్ళెం ఆమె చేతికివ్వరు. గొడ్రాలు అనే మాట అనకుండానే ఎట్లా అనిపించవచ్చో ఈ పత్రిక చదివేవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. దత్తత అనుకున్నాక ఇంట్లో ఒక గదికి పసుపు రంగు వేయించింది. ఉయ్యాల తొట్టి కొంది. ఏళ్ళు గడిచేకొద్దీ తొట్టి తీసేసి చిన్న మంచం వేసింది. పొద్దున లేవగానే పళ్ళు తోముకోక ముందే వెయిటింగ్ లిస్టులో తన నంబరు చూసుకుంటుంది. మన కేంద్ర దత్తత సంస్థ 'కారా' దగ్గర పేరు నమోదు చేసుకుని ఎదురుచూస్తున్న దంపతులు 30 వేలు దాటారు. ఏడాదికి జరిగే దత్తతలు నాలుగు వేల పైచిలుకు. ప్రవాస భారతీయులదీ ఇక్కడి దంపతులదీ ఒకే వరుస. ఈ లెక్కలు అక్కకు కంఠతా వచ్చు.

ఈ బాధను నేను కాదనడం లేదు. నా పేచీ ఈ బాధకు దొరికిన చోటుతో. దత్తతకు సంబంధించిన వార్తల్లో, కథల్లో, చట్టసభల ప్రసంగాల్లో 'నిరీక్షణ' అనేది ఒక్కరిదే, తీసుకునేవాళ్ళది. ఆ నిరీక్షణకు ఒక నంబరుంది, ఒక ఫైలుంది, సానుభూతి ఉంది. కడుపులో మోయకుండా కాగితాల్లో మోసే గర్భం అని దానికి ముద్దుపేర్లు కూడా పెట్టారు. బిడ్డ 'వస్తోంది' అంటారు. ఎక్కడి నుంచి వస్తోంది అంటే ఇండియా నుంచి, చైనా నుంచి, కొరియా నుంచి అని దేశం పేరు చెప్తారు. దేశాలు పిల్లల్ని కనవు. ఒక ఆడమనిషి కంటుంది.

నాకు పదేళ్ళప్పుడు మేం దేవరకొండలో ఉండేవాళ్ళం. మా అమ్మ అక్కడ గవర్నమెంటు స్కూల్లో టీచరు. చుట్టుపక్కల తండాల నుంచి ఒక లంబాడీ ఆమె మా వీధికి కట్టెల మోపులు, సీతాఫలాల కాలంలో గంపతో పళ్ళు తెచ్చేది. మా ఇంటి మెట్టు మీద కూర్చునేది. ఆమెకు నీళ్ళివ్వడానికి వేరే గ్లాసు ఉండేది, అది బయట గూట్లోనే ఉండేది. ఒక ఏడాది ఆమె నిండు నెలలతో కనిపించింది. తర్వాత కొన్నాళ్ళు రాలేదు. వచ్చినప్పుడు చంకలో బిడ్డ లేదు. మా అమ్మ అడిగింది. "ఆడివిల్లనేనమ్మా. నాలుగోది. దవాఖానకాడ ఒకామె పట్నంల ఇప్పిచ్చింది. మంచిగ సాదుతరంట, సదువు చెప్పిస్తరంట. ఉత్తరం రాస్తరంట" అంది. తండాకు ఉత్తరం రాదేమోనని స్కూలు పేరు, మా అమ్మ పేరు చెప్పి వచ్చిందట. ఆ తర్వాత మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ గంప దించకముందే అడిగేది: "టీచరమ్మా, ఆ పిల్ల ముచ్చట ఏమన్న ఉత్తరమొచ్చిందా?"

రాలేదు. అమ్మ మొదట్లో రాలేదని చెప్పేది. తర్వాత తర్వాత తల అడ్డంగా ఊపేది. 2004లో మాకు బదిలీ అయ్యి హైదరాబాదు వచ్చేశాం. ఐదేళ్ళు ఆ మనిషి మా మెట్టు మీద ఎదురుచూసింది. దాన్ని ఎవరూ ఎదురుచూపు అనలేదు. ఆమె నంబరు ఏ లిస్టులోనూ లేదు.

ఇది ఒక్కామె కథ కాదు. 1999లోనూ, మళ్ళీ 2001లోనూ హైదరాబాదులో, తాండూరులో విదేశీ దత్తతల పేరుతో నడుస్తున్న కొన్ని హోముల మీద పోలీసులు దాడులు చేస్తే బయటపడిన పసిపిల్లల్లో చాలామంది లంబాడీ ఆడపిల్లలు. తండాల్లో గర్భిణులను వెతికి పట్టుకునే దళారులు, ఆసుపత్రుల దగ్గర మధ్యవర్తులు, నింపి పెట్టిన కాగితాలు, తల్లి వేలిముద్ర. తల్లికి ముట్టింది వందల్లో, మహా అయితే కొన్ని వేలల్లో. ఆవలి ఒడ్డున లెక్క వేల డాలర్లలో. గీతా రామస్వామి, రుక్మిణీరావు, గ్రామ్య సంస్థలో పనిచేసిన స్త్రీలు తండాలు తిరిగి ఈ విషయాన్ని వెలికి తీయకపోతే మనకు ఈపాటి కూడా తెలిసేది కాదు.

అప్పటి పత్రికలు దీన్ని ఎట్లా రాశాయో తర్వాత పరిశోధన కోసం పాత సంచికలు తిరగేస్తున్నప్పుడు చూశాను. దాదాపు ప్రతిచోటా ఒకే క్రియ: లంబాడీలు ఆడపిల్లల్ని 'అమ్ముకుంటున్నారు'. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఆ మాట దగ్గరే ఆగిపోయాను. అమ్ముకోవడం అంటే తన లాభానికి అమ్మడం. మరి అమ్మకం ఉంటే కొనడం ఉండాలి కదా? కొన్నవాళ్ళకు ఆ క్రియ వాడరు. వాళ్ళు 'దత్తత తీసుకున్నారు', 'పెంచుకున్నారు'. చిత్రమేమిటంటే 'అమ్ముకొను' అనే మాటలోనే 'కొను' ఉంది. కొన్నవాళ్ళు తల్లి క్రియ వెనకాల దాక్కున్నారు. నేరం ఆమెది, పుణ్యం వాళ్ళది.

ఇంకో మాట 'అనాథ'. నాథుడు లేని బిడ్డ. నాథుడంటే మగదిక్కు, భర్త, ప్రభువు. తల్లి బతికే ఉండి, పాలు పడుతూ ఉన్నా కాగితం మీద బిడ్డ అనాథ కావచ్చు, ఎందుకంటే తల్లి నాథ కాదు. ఇది మాటల గారడీ అనుకోకండి, మన చట్టం కూడా ఇదే వ్యాకరణంతో నడిచింది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టం ప్రకారం పెళ్ళయిన దంపతుల బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, 'ఆయన తర్వాత' తల్లి. ఆ 'తర్వాత' అంటే ఆయన పోయాకనే కాదు, ఆయన లేని సందర్భంలో కూడా అని సుప్రీంకోర్టు చేత అనిపించడానికి రచయిత్రి గీతా హరిహరన్ కోర్టుకెక్కవలసి వచ్చింది. ఆ తీర్పు వచ్చింది 1999లో. చదువుకున్న తల్లి సంతకానికి విలువుందని ఢిల్లీలో తీర్పు వచ్చిన ఏడాదే, మన దగ్గర లంబాడీ తల్లి వేలిముద్రతో ఏం చేస్తున్నారో బయటపడింది. అదే 1956లో వచ్చిన హిందూ దత్తత చట్టంలో బిడ్డను ఇచ్చే హక్కు తండ్రిది, తల్లిది ఒప్పుకోవడం మాత్రమే. తీసుకునే హక్కు కూడా భర్తదే, భార్యది ఒప్పుకోవడమే. 2010లో సవరించేదాకా అట్లాగే ఉంది. అంటే ఇచ్చే తల్లీ తీసుకునే తల్లీ ఇద్దరూ ఈ వ్యవహారంలో సాక్షి సంతకాలే.

మన యశోద సంగతి చూడండి. తెలుగు సాహిత్యమంతా యశోద పక్షాన ఉంది. వెన్న, రోలు, నోట్లో లోకాలు, అన్నీ ఆమె ఒడిలోనే. దేవకి చెరసాలలో ఉండి కొడుకు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిందని మనకు గుర్తుండదు. ఇంకా గుర్తుండనిది మరొకటుంది. ఆ రాత్రి యశోద ఒక ఆడపిల్లను కన్నది. ఆమె నిద్రలో ఉండగా ఆ బిడ్డను తీసుకుపోయి కంసుడి ముందు పెట్టారు. బిడ్డలను ఇటూ అటూ మోసింది వసుదేవుడు. ఇద్దరు తల్లుల్లో ఎవరినీ ఎవరూ అడగలేదు. మనం దీన్ని మమతకు మారుపేరుగా పాడుకుంటాం.

మన పాత ధర్మశాస్త్రాలు ఈ విషయంలో మనకంటే నిజాయితీగా ఉన్నాయనిపిస్తుంది. అవి కొడుకుల గురించే మాట్లాడాయి, కూతుళ్ళ ఊసు లేదు, అది వేరే సంగతి. మనుస్మృతి పన్నెండు రకాల కొడుకుల్ని లెక్కబెట్టింది. అందులో ఇచ్చినవాడు దత్తకుడు, కొన్నవాడు క్రీతుడు, తల్లిదండ్రులు వదిలేస్తే తెచ్చుకున్నవాడు అపవిద్ధుడు. మూడింటికీ మూడు పేర్లు. ఈ కాలపు విదేశీ దత్తత చేసిన పని ఈ తేడాను కాగితం మీద చెరిపేయడం. కొన్న బిడ్డ ఒక ఆఫీసులో 'వదిలేసిన' బిడ్డ అవుతుంది, ఇంకో ఆఫీసులో 'ఇచ్చిన' బిడ్డ అవుతుంది. విమానం ఎక్కేనాటికి శుభ్రంగా దత్తపుత్రిక. నల్లడబ్బును తెల్లడబ్బు చేసినట్టు అన్నమాట.

ఈ పోలిక నాది కాదు. అమెరికాలో డేవిడ్ స్మోలిన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడిది. ఆయనా ఆయన భార్యా 1998లో ఆంధ్రప్రదేశ్ నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్ళను దత్తత తీసుకున్నారు. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. పిల్లలు వెళ్ళాక చెప్పారు, మాకు అమ్మ ఉంది, మమ్మల్ని చదువు కోసం హాస్టలులాంటి చోట పెట్టింది, ఇవ్వలేదు అని. ఆ దంపతులు ఆ మాట నమ్మి తల్లిని వెతికించారు. చాలా ఏళ్ళు పట్టింది. అప్పటికి పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు, అమ్మ భాష మరిచిపోయారు. 2006లో ఆయన రాసిన వ్యాసంలో ఈ మొత్తం వ్యవస్థకు పెట్టిన పేరు 'చైల్డ్ లాండరింగ్'. ఆ ఇంటి దంపతులు కూడా మా అక్కా బావల్లాంటి మంచివాళ్ళే. వాళ్ళ గురించి కూడా ఎవరో ఉత్తరాలు రాసే ఉంటారు. ఆ ఉత్తరాల్లోనూ అన్నీ నిజాలే ఉండి ఉంటాయి.

మన దగ్గరే ఇట్లా జరిగిందా? దక్షిణ కొరియా నుంచి లక్షన్నరకు మించి పిల్లలు పడమటి దేశాలకు వెళ్ళారు. తల్లి ఉన్న పిల్లల్ని అనాథలుగా రాశారని, ఒకరి పేరు మీద ఇంకొకరిని పంపారని, దానికి ప్రభుత్వానిదే బాధ్యత అని ఆ దేశపు సత్యాన్వేషణ కమిషన్ 2025 మార్చిలో తేల్చింది. డీన్ బోర్షే లీమ్ అనే ఆమె ఈ మాట 2000లోనే సినిమా తీసి చెప్పింది. 1966లో ఆమెను వేరే అమ్మాయి పేరుతో అమెరికా పంపారు. ఆమెకు కొరియాలో తల్లి ఉంది. నెదర్లాండ్స్ 2021లో విదేశీ దత్తతలను నిలిపేసి, 2024లో క్రమంగా పూర్తిగా ముగించాలని నిర్ణయించింది. చైనా 2024 సెప్టెంబరులో తలుపు మూసేసింది. స్వీడన్‌లో ప్రభుత్వం వేసిన కమిషన్ 2025 జూన్‌లో ఆపేయమని సిఫారసు చేసింది. చైనా ప్రకటన వచ్చినప్పుడు ఫోటో అందుకుని, పేరు పెట్టుకుని ఏళ్ళుగా ఎదురుచూస్తున్న అమెరికన్ కుటుంబాల గురించి బోలెడు వార్తలొచ్చాయి. చదివి నాకూ కన్నీళ్ళొచ్చాయి. ఒకే బిడ్డ విధానం భయానికి ఆడపిల్లను మార్కెట్లోనో ఆఫీసు గుమ్మంలోనో పెట్టి వెనక్కి చూడకుండా వెళ్ళిన తల్లుల గురించి ఆ వార్తల్లో ఒక్క వాక్యం కూడా నాకు కనబడలేదు.

2001లోనూ అంతే జరిగింది. హోముల నుంచి తెచ్చిన పిల్లల్ని ప్రభుత్వ శిశువిహార్‌లో పెడితే, అప్పటికే ఆ పిల్లల ఫోటోలు అందుకున్న విదేశీ కుటుంబాలు కోర్టులకెక్కాయి. వాళ్ళకు వకీళ్ళున్నారు. తండా తల్లికి బస్సు చార్జీలు లేవు. కోర్టులో ఒక పక్క ప్రభుత్వం, ఇంకో పక్క ఎదురుచూస్తున్న కుటుంబం. మధ్యలో బిడ్డ. మూడో పక్షం ఉందన్న సంగతే ఎవరికీ తట్టలేదు. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం పేదరికం, ఎక్కువ సంతానం, అక్కర్లేని ఆడపిల్ల అనే కారణాలతో కన్నవాళ్ళు బిడ్డను వదులుకోవడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. వదులుకోవడాన్ని నిషేధించారు సరే, పేదరికాన్ని నిషేధించారా? కట్నాన్ని? లంబాడీల్లో ఒకప్పుడు మగపెళ్ళివాళ్ళే ఓలి ఇచ్చి పిల్లను చేసుకునేవాళ్ళు. మన ఊళ్ళను చూసి కట్నం తండాకెక్కింది. భూమి లేదు, వాన లేదు, నాలుగో ఆడపిల్ల. ఈ కారణాలన్నీ అట్లాగే ఉంచి ఆమె వేలిముద్రను మాత్రం నేరం చేశారు.

ఇక్కడ నాకెదురయ్యే ప్రశ్నలు నాకు తెలుసు. అక్కే అడిగింది అన్నీ.

మొదటిది: "అక్కడ ఉంటే ఆ పిల్ల బతికేదా?" పుట్టిన ఆడపిల్లను వడ్లగింజతో చంపిన రోజులున్నాయి కదా అని. ఉన్నాయి. కాని ఈ ప్రశ్నలో ఉన్న రెండే దారులు చూడండి: చావు, లేదా డల్లాస్. మధ్యలో తల్లి దగ్గరే బతకడం అనే దారి ఎందుకు లేదు? ఒక బిడ్డను సముద్రం దాటించడానికయ్యే ఖర్చులో పదో వంతు ఆ తల్లి చేతికి ఇచ్చి ఉంటే ఆమె ఆ బిడ్డను ఇచ్చేదా? ఈ ప్రశ్న అడగకుండా 'రక్షించాం' అనే మాట వాడే హక్కు ఎవరికీ లేదు.

రెండోది మన వాళ్ళే అనే మాట: "రక్తసంబంధమే మాతృత్వం కాదని చెప్పింది స్త్రీవాదులే కదా?" అవును, చెప్పాం, ఇప్పటికీ చెప్తాం. వంశం, పిండం, ఇంటిపేరు, వీటి నుంచి అమ్మతనాన్ని విడదీయడం మంచి పని. కాని ఆ విడదీత ఎవరి ఒంటి మీద జరుగుతోందో చూసుకోవాలి. పైకులం, ఉద్యోగం ఉన్న స్త్రీకి రక్తం ముఖ్యం కాదని చెప్పే స్వేచ్ఛ, లంబాడీ, దళిత స్త్రీకి నీ రక్తం కూడా నీది కాదని చెప్పే పెత్తనంగా మారకూడదు. మన కథలే చూడండి. పిల్లలు లేని దంపతులు, అత్తగారి సూటిపోటి మాటలు, చివరి పేజీలో భార్య ధైర్యం చేసి అనాథాశ్రమానికి వెళ్ళి ఒక పాపను ఎత్తుకుంటుంది. కథ సుఖాంతం, అభ్యుదయం. ఇట్లాంటి కథలు చదివి నేనూ కళ్ళు తుడుచుకున్నాను. ఒక్క కథలోనైనా ఆ ఆశ్రమానికి వెనక గుమ్మం ఉందని, దాంట్లోంచి బిడ్డను ఇచ్చి వట్టి చేతులతో వెళ్ళిన మనిషి ఉందని రాశామా?

మూడోది: "హోముల్లో మగ్గుతున్న పిల్లల మాటేమిటి?" ఇదొక్కటే నన్ను నిజంగా ఆపే ప్రశ్న. నిజంగా ఎవరూ లేని పిల్లలున్నారు. ఆరేళ్ళు దాటినవాళ్ళు, చూపు తక్కువున్నవాళ్ళు, నడవలేనివాళ్ళు. వాళ్ళకు ఇల్లు కావాలి, అది ఏ దేశంలో దొరికినా మంచిదే. ఇక్కడివాళ్ళు వద్దన్న అట్లాంటి పిల్లల్ని విదేశీయులు తీసుకెళ్ళి కంటికి రెప్పలా చూసుకున్న సందర్భాలున్నాయి. వాళ్ళకు నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. కాని 30 వేల మంది వరుస ఆ పిల్లల కోసం కాదు. దరఖాస్తులో చాలామంది నింపేది రెండేళ్ళలోపు, ఆరోగ్యంగా. మా అక్క కూడా మొదట అదే నింపింది. ఆ వరుస ఎదురుచూస్తున్నది ఈ ఏడాది పుట్టబోయే బిడ్డ కోసం. అంటే ఇంకా ఇబ్బందిలో పడని ఒక తల్లి ఇబ్బందిలో పడడం కోసం. ఇంత పెద్ద వరుస ఉన్నచోట ఎవరో ఒకరు సరుకు వెతుకుతారు. 2024 మేలో మేడిపల్లి పోలీసులు పట్టుకున్న ముఠా దగ్గర దొరికింది వేరే రాష్ట్రాల నుంచి తెచ్చి ఇక్కడి దంపతులకు అమ్మిన పదిమందికి పైగా పసిపిల్లలు. బేరం విదేశాల నుంచి మన కాలనీల్లోకి మారింది, అంతే.

"నేను తెల్లదాన్ని కాదు కదే. మన పిల్లను మనమే తెచ్చుకుంటున్నాం" అంది అక్క. ఈ 'మన' దగ్గర నాకు ఆ బయట గూట్లో గ్లాసు గుర్తొచ్చింది. బిడ్డ కులం అడగమని అక్క గర్వంగా చెప్తుంది. నిజమే, బిడ్డకు కులం అడగం. తల్లికి మాత్రం మెట్టు దాటనివ్వం. బిడ్డ తల్లి నుంచి విడిపోయిన క్షణం నుంచే 'మన' అవుతుంది.

చట్టం మారలేదా అంటే మారింది. విదేశీ దత్తతల్లో అక్రమాల గురించి లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది రాసిన ఉత్తరాన్ని పిటిషన్‌గా తీసుకుని, 1984లో సుప్రీంకోర్టు నియమాలు పెట్టింది. కన్నవాళ్ళను ప్రలోభపెట్టకూడదు, బిడ్డ విదేశాలకు వెళ్ళవచ్చని వాళ్ళకు తెలియాలి అని అప్పుడే చెప్పింది. అది చెప్పిన పదిహేనేళ్ళకే తాండూరు. 2003లో హేగ్ ఒప్పందాన్ని ఆమోదించాం. 2015 బాల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంది. అయితే ఆ రెండు నెలల్లో బాలింత ఎక్కడుంటుంది, ఏం తింటుంది, మళ్ళీ ఆ ఆఫీసుకు ఎట్లా వస్తుంది అన్నది ఎవరి బాధ్యత? 2021 సవరణతో దత్తత ఉత్తర్వులు కోర్టుల నుంచి కలెక్టర్లకు మారాయి, జాప్యం తగ్గించడానికని. ఎవరి జాప్యం? తీసుకునేవాళ్ళ నాలుగేళ్ళు జాప్యం. ఇచ్చిన తల్లి అరవై రోజులూ లాంఛనం. తన మూలాలు వెతుక్కునే హక్కు పెద్దయిన బిడ్డకు ఇచ్చారు, మంచిదే. నా బిడ్డ బతికుందా అని అడిగే హక్కు తల్లికి ఇవ్వలేదు. గోప్యత పేరుతో ఆమెను కాపాడుతున్నామంటారు. ఎవరి నుంచి? ఆ ఆమె మా మెట్టు మీద కూర్చుని గోప్యత అడగలేదు. ఉత్తరం అడిగింది.

అందుకే మనం అడగవలసినవి ఇవి. ఏ బిడ్డనైనా దత్తతకు సిద్ధం అని ప్రకటించే ముందు, ఆ తల్లి బిడ్డను ఉంచుకోవడానికి ఏ సాయం ఇవ్వచూపారో ఫైలులో రాయాలి. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో రాయాలి. ఆమె భాషలో, గోర్ భాష అయితే గోర్ భాషలోనే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. రెండు నెలలూ ఆమె ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఆమె కోరితే ఏడాదికొకసారి బిడ్డ క్షేమం తెలియజేయాలి. 'వదిలేసిన బిడ్డ' అని రాసే ముందు తల్లిని నిజంగా వెతికారా, ఎక్కడెక్కడ వెతికారో చూపాలి. ఎదురుచూసే కుటుంబాలు ఏజెన్సీని అడిగే మొదటి ప్రశ్న 'మా నంబరెంత' అని కాకుండా 'ఆ తల్లిని ఏమడిగారు' అని కావాలి. దీనివల్ల వరుస ఇంకా పొడుగవుతుంది. అవనివ్వండి. కొందరికి బిడ్డ రాకపోవచ్చు. పిల్లలు లేని స్త్రీ పూర్తి మనిషేనని మనం గట్టిగా చెప్పగలిగితే ఆ వరుసలో సగం అవమానం తగ్గుతుంది. ఆ పని మన మీద ఉంది. అది చేయకుండా ఒక స్త్రీ అవమానాన్ని ఇంకో స్త్రీ బిడ్డతో తుడవమంటే అది స్త్రీవాదం కాదు.

ఇవన్నీ అక్కతో ఒక రాత్రంతా ఫోనులో వాదించాను. "నీకు పిల్లలు అక్కర్లేదు కాబట్టి ఇట్లా మాట్లాడుతున్నావు" అంది. అది నాకు తగిలింది. తగలవలసిందే కూడా. తర్వాత ఉత్తరం రాసి పంపాను. వాళ్ళ గురించి నాకు తెలిసిన నిజాలన్నీ రాశాను. చివర ఒక పేరా చేర్చాను: బిడ్డ తల్లి గురించి తెలిసిన ప్రతి వివరమూ భద్రపరుస్తారని, ఆమె అడిగితే జవాబిస్తారని ఈ దంపతుల మీద నాకు నమ్మకం ఉంది అని. ఆ పేరా ఇష్టం లేకపోతే ఉత్తరం వాడుకోవద్దని అక్కకు చెప్పాను.

పది రోజులు ఫోన్ లేదు. తర్వాత చేసింది. ఉత్తరం ఫైలులో పెట్టామని చెప్పింది. కాసేపు ఊరుకుని, "దేవరకొండలో ఆమె... ఇంకా అడుగుతుంటుందా?" అంది.

తెలియదు. మేం ఆ ఇల్లు ఖాళీ చేసి ఇరవై ఏళ్ళు దాటింది. వచ్చేటప్పుడు మా కొత్త అడ్రసు ఆమెకు ఇవ్వాలని మాకెవరికీ తోచలేదు.